కన్ను గీద్దాం రండి!

‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’ అన్నారు పెద్దలు. బొమ్మలు వేసేవాళ్ళకి ఈ మాట మరీ నిజం. ముక్కు కాస్త వంకర పోయినా ఫలానావారి బొమ్మే అని పోల్చుకుంటాం. కన్ను తప్పిందా, మనిషే మారిపోతాడు!

మన పొరుగున నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గారు నాలుగు గీతల్లో ఎంతేసి కళ్ళు వేసేవారో అందరికీ తెలుసు. అవి ఊహలోంచి పుట్టిన కళ్ళు. ఎదురుగా కూర్చున్న మనిషి కన్నుని ఉన్నదున్నట్టు గీయడం వేరే విద్య. దానికి చెయ్యి తిరగడం కంటే చూడటం ముఖ్యం.

ముందుగా, కన్ను బాదంగింజ కాదు, బంతి. సుమారు 24 మిల్లీమీటర్ల వ్యాసం గల గోళం. రెప్పలు దానిమీద కప్పిన తెరలు. అందుచేత తెల్లగుడ్డుని ఉత్త తెల్లగా వదిలేస్తే బొమ్మ పలకలా చదునుగా ఉంటుంది. రెండు కొలకుల వైపూ, పైరెప్ప కిందా హెచ్.బి. పెన్సిలుతో పలచగా నీడ వెయ్యాలి.

నల్లగుడ్డు వ్యాసం దాదాపు 12 మిల్లీమీటర్లు. మామూలుగా చూసేటప్పుడు పైరెప్ప దాని పైఅంచుని కొంచెం కప్పుతుంది. గుండ్రం మొత్తం కనిపించేలా గీశారా, మనిషి ఉలిక్కిపడ్డట్టు ఉంటాడు! లోపల సైకిలు చక్రం పుల్లల్లా సన్నని గీతలు గియ్యాలి. నడుమనున్న కనుపాపకి 6బి పెన్సిలు వాడాలి. పెన్సిలులో ఉండేది సీసం కాదు; గ్రాఫైటు, బంకమట్టి. మట్టి పాలు తగ్గినకొద్దీ గీత మెత్తగా, నల్లగా వస్తుంది.

కంట్లో మెరుపు అనేది కిటికీ వెలుగుకి ప్రతిబింబం. ఆ చోటు ముందే గుర్తుపెట్టుకుని కాగితాన్ని ఖాళీగా వదిలెయ్యాలి. రెప్పవెంట్రుకలు ఆఖర్న. వరినాట్లలా వరసగా, నిటారుగా పెట్టకూడదు. మొదట్లో ఒత్తి, చివరికొచ్చేసరికి చెయ్యి తేలిక చేసి వంపుగా విసరాలి.

ఇంతవరకు నేర్చుకుని, సెలవుల్లో మా తాతయ్యని అరుగుమీద కూర్చోబెట్టి బొమ్మ మొదలెట్టాను. అన్నీ కుదిరాయి, కుడికన్ను మాత్రం కుదర్లేదు. కనుపాప నల్లగా దిద్దడం, పోలిక రాక చెరపడం, మళ్ళీ దిద్దడం. కాగితం చిరిగేలా ఉంది. విసుగొచ్చి దగ్గరకెళ్ళి చూశాను. అసలు ఆ కనుపాప నల్లగా లేదు. గంజినీళ్ళ రంగులో ఉంది.

“పొద్దువాలితే గట్టు ఆనట్లేదురా” అని తాతయ్య ఎన్నాళ్ళనుంచో అంటూనే ఉన్నాడు. వయసు మీదపడిందిలే అని ఇంట్లో అందరం సరిపెట్టుకున్నాం. డాక్టరు గారికి చూపిస్తే, శుక్లం బాగా ముదిరిపోయిందన్నారు. ఆపరేషను చేసి లెన్సు పెట్టారు. ఇప్పుడు సాయంత్రంపూట కూడా చేలోకి ఒక్కడే వెళ్ళి వస్తున్నాడు.

కనుపాప నల్లగా ఉంటుందని నాకు తెలుసు. తెలుసు కాబట్టే చూడలేదు. మనం ప్రాక్టికల్ రికార్డుల్లో చేసేదీ ఇదే కదా! మైక్రోస్కోపు పక్కనే ఉంటుంది, బొమ్మ మాత్రం సీనియరు రికార్డులోంచి దిగుతుంది.

మిత్రులారా, ఈసారి ఒక పెన్సిలు తీసుకుని మీ ఇంట్లో పెద్దవాళ్ళ కన్ను గీయండి. బొమ్మ కుదరకపోయినా ఫరవాలేదు. ఒక గంటసేపు వాళ్ళ కళ్ళలోకి చూసినవాళ్ళవుతారు.