నల్లవారి దైవశాస్త్రం - నేటి అవసరం

దక్షిణాఫ్రికాలో 1948లో వర్ణవివక్ష ప్రభుత్వ విధానమయింది. శ్వేతజాతీయుల డచ్ రిఫార్మ్‌డ్ చర్చి దానిని బైబిలు పేరిట సమర్థించింది. దేవుడు పీడితుల పక్షాన ఉంటాడని 1970వ దశకంలో అలన్ బూసాక్ వంటి నల్లజాతి క్రైస్తవులు బదులిచ్చారు. ఈ ఆలోచననే నల్లవారి దైవశాస్త్రం అంటారు.

1994 ఎన్నికలతో వర్ణవివక్ష పాలన ముగిసింది. మరి ఈ దైవశాస్త్రం అవసరం తీరిపోయిందా? భూమి విషయం గమనించండి. 1913 నాటి చట్టం నల్లవారికి సుమారు 7 శాతం భూమినే కేటాయించింది. 2017 ప్రభుత్వ నివేదిక ప్రకారం, వ్యక్తుల పేర ఉన్న వ్యవసాయ భూమిలో 72 శాతం శ్వేతజాతీయులదే. అంటే, నల్లవారిలో చాలామందికి ఓటు హక్కు వచ్చినా భూమి చేతికి రాలేదు. అందువల్ల క్షమించమని బోధించే చర్చి, తీసుకున్నది తిరిగి ఇవ్వమని కూడా బోధించాలని ఈ దైవశాస్త్రం నేడు అడుగుతుంది.

ఆలోచించండి: చట్టం మారగానే అసమానత పోతుందా? మీకు తెలిసిన ఒక ఉదాహరణతో మూడు వాక్యాలు రాయండి.