తుంటి కీలుకు లోహపు తొడుగు: ఎవరికి మేలు?

కీళ్ల జబ్బు ముసలితనంలోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. తుంటి కీలు కొందరికి ముప్పయి, నలభై ఏళ్లకే పాడవుతుంది. కోనసీమలో కొబ్బరి దింపు, ఒలుపు పనులు చేసేవారూ, వరిచేలలో వంగి పనిచేసేవారూ "నడుం పట్టింది" అనుకుని తైలాలు రాసుకుంటూ ఏళ్లు గడిపేస్తుంటారు. తుంటి నొప్పి సాధారణంగా గజ్జల్లో మొదలై, తొడ ముందు నుంచి మోకాలి దాకా దిగుతుంది. బాసింపట్టు వేసుకోవడం, వంగి చెప్పు తొడుక్కోవడం కష్టమవుతుంటే మోకాలితోపాటు తుంటికి కూడా ఎక్స్‌రే తీయించాలి. ఈ పరీక్ష అమలాపురం, కొత్తపేట వంటి చోట్లనే జరిగిపోతుంది.

ఎందుకు పాడవుతుంది?

తొడ ఎముక తల, తుంటి గిన్నెలో రోటిలోని పొత్రంలా తిరుగుతుంది. రెండింటి మీదా వున్న నున్నటి పొర అరిగితే ఎముకకు ఎముక రాసుకుంటుంది. మన దేశంలో చిన్న వయస్సువారి తుంటి దెబ్బతినడానికి మరో ముఖ్య కారణం, ఎముక తలకు రక్తం అందకపోవడం. అతిగా మద్యం తాగడం, ఆయాసానికనో ఒళ్లు నొప్పులకనో వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగడం ఇందుకు దారితీస్తాయి. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎమ్మారై స్కాన్‌లో బయటపడుతుంది. అప్పుడే పట్టుకుంటే, ఎముకకు సన్నని రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్‌తో కొందరి కీలు నిలుస్తుంది.

తొడుగు అంటే ఏమిటి?

మామూలు కీలు మార్పిడిలో ఎముక తలను కోసి తీసేసి, తొడ ఎముకలోకి లోహపు కాడ దించుతారు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1960లలో దీనికి స్థిరమైన రూపమిచ్చారు. తొడుగు ఆపరేషన్‌లో తల తీయరు. పైపైన చెక్కి లోహపు టోపీ తొడుగుతారు. గిన్నెకూ లోహపు పూత వంటి కప్పు అమరుస్తారు. బర్మింగ్‌హామ్‌లో డెరెక్ మెక్‌మిన్, రోనన్ ట్రేసీ 1997లో ప్రవేశపెట్టిన రకం ప్రసిద్ధమైంది. ఎముక మిగిలి వుంటుంది; తల పెద్దది కనుక కీలు తొలగడం తక్కువ. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే 2019 జనవరిలో ఇది చేయించుకుని, ఆ అక్టోబరులోనే ఆంట్వెర్ప్ టోర్నమెంటు గెలిచాడు.

చేదు అనుభవం

అయితే లోహానికి లోహం రాసుకుంటే కోబాల్ట్, క్రోమియం రేణువులు రక్తంలో కలుస్తాయి. కీలు చుట్టూ కండ దెబ్బతినవచ్చు. ఏఎస్ఆర్ అనే రకం తొడుగు పెట్టించుకున్న వారిలో నూటికి 12 మందికి అయిదేళ్లలోనే తిరిగి ఆపరేషన్ చేయవలసి వచ్చిందని బ్రిటన్ లెక్కలు తేల్చాయి. 2010 ఆగస్టులో దానిని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన ప్రభుత్వం 2018లో బాధితులకు సుమారు 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల దాకా పరిహారపు లెక్క నిర్ణయించింది. ఆ రోజుల్లో తుంటికి లోహపు కీలు పెట్టించుకున్నవారు డిశ్చార్జి కాగితాలు తీసి, రకం పేరు చూసుకోవాలి.

ఎవరికి తగును?

ఎముక గట్టిగా వుండి, పెద్ద కొలత తొడుగు పట్టే, అరవై ఏళ్లలోపు మగవారికి మంచి ఫలితాలు వచ్చాయి. స్త్రీలకూ, చిన్న కొలత వారికీ వైఫల్యాలు ఎక్కువని తేలడంతో 2015లో బర్మింగ్‌హామ్ రకాన్ని వారికి వాడడం తయారీదారులు ఆపేశారు. మూత్రపిండాల జబ్బు వున్నవారికీ, పిల్లలు కావలసిన స్త్రీలకూ ఇది కూడదు. ఎముక తల చాలాభాగం చచ్చిపోతే తొడుగు నిలవదు. అటువంటివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు, పూర్తి కీలు మార్పిడి వారికి మంచి మార్గమే.

ఆపరేషన్ తరువాత

సాధారణంగా మర్నాడే ఆధారంతో నడిపిస్తారు. మొదటి నెలల్లో తల కింది మెడ విరిగే ప్రమాదం వుంటుంది కనుక బరువులెత్తడం, గొంతుక్కూర్చోవడం వైద్యుడు చెప్పేదాకా మానాలి. చెట్టెక్కే పని గురించి ముందే విడిగా అడగండి. కీలు నొప్పి పెట్టినా, వాచినా, చప్పుడు చేసినా ఆలస్యం వద్దు. రక్తంలో లోహాల పరీక్ష చేయించాలి.

డాక్టరుగారిని మొహమాటం లేకుండా అడగవలసినవి: నా ఎముకకు ఏ కొలత పడుతుంది? ఏ రకం పెడతారు? తమరు ఇవి ఎన్ని చేశారు? ఏటా పరీక్షకు ఎక్కడికి రావాలి? రాజోలు నుంచి హైదరాబాదో, చెన్నయ్యో ఏడాదికోసారి వెళ్లిరావలసి వస్తే ఆ ఖర్చు కూడా ఆపరేషన్ ఖర్చులోనే కలిపి లెక్కవేసుకోండి. తొడుగు వివరాల కార్డును ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచుకోండి.