అమెరికా లెక్క మారింది.. మీ లోన్ లెక్క?

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెజాన్ భారీ క్యాంపస్ 2019లో తెరుచుకుంది. 2023లో అమెరికా కాన్సులేట్ కూడా బేగంపేట నుంచి అదే ప్రాంతానికి వచ్చేసింది. ఇక్కడే చేరాలా, ఎమ్మెస్‌కి వెళ్లాలా అన్నది ఫైనలియర్‌లో అందరికీ వచ్చే ప్రశ్నే. జవాబు మాత్రం చాలామంది సీనియర్ల ఇన్‌స్టా ఫొటోలు చూసి రాసేసుకుంటున్నారు.

అసలు ఈ దారి ఎలా పడింది? 1990ల చివర్లో వైటూకే భయం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాయడంతో, 2000 రాగానే కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుందని కంపెనీలు కంగారుపడ్డాయి. కోబాల్ తెలిసినవాళ్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కళకళలాడాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. ఏటా 65 వేలుగా ఉండాల్సిన హెచ్‌1బీ పరిమితిని అమెరికా 2001 నుంచి మూడేళ్లు 1,95,000కు పెంచింది. అక్కడ మనుషుల కొరత, ఇక్కడ వీధికో ఇంజినీరింగ్ కాలేజీ, పైగా డాలర్ విలువ. ముందు వెళ్లినవాళ్లు వెనకవాళ్లకు గది చూసిపెట్టారు, ఎయిర్‌పోర్టుకు కారేసుకొచ్చారు. వలసకి ఇంతకన్నా పెద్ద కారణం ఉండదేమో! మన చిలుకూరు బాలాజీ వీసా బాలాజీ అయ్యింది ఆ ఊపులోనే.

ఇప్పుడు ఆ కొరతే మునుపటిలా లేదు. పరిమితి మళ్లీ 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అక్కడే చదివి ఎఫ్‌1 నుంచి మారేవాళ్లకు అది వర్తించదని తర్వాత చెప్పారు. అంటే ఇక్కడి ఆఫీసు నుంచి ఆన్‌సైట్ వెళ్లే పాత దారి ఇరుకైంది, ఎమ్మెస్ దారి మిగిలింది. అయితే ఎక్కువ జీతం స్థాయి ఉన్నవాళ్లకు లాటరీలో ఎక్కువ అవకాశాలిచ్చే నిబంధన అదే ఏడాది డిసెంబరులో ఖరారైంది. దాంతో ఫ్రెషర్ వెనకబడతాడు.

ఇక లోన్ సంగతి. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుందాం. ఈఎంఐ 55 వేలు దాటుతుంది, చదువుకునే రోజుల వడ్డీ కలపకుండానే. డాలర్లలో జీతం వస్తే అది పెద్ద భారం కాదు. రాకపోతే? ఇక్కడ సర్వీస్ కంపెనీలో ఫ్రెషర్‌కి నెలకు 30 వేలు చేతికొస్తే గొప్ప. చాలా ఇళ్లలో హామీగా బ్యాంకులో ఉన్నది నాన్న పొలం కాగితాలో, ఇంటి కాగితాలో.

డిగ్రీ అయ్యాక ఓపీటీ కింద ఏడాది, స్టెమ్ కోర్సులకైతే మరో రెండేళ్లు పనిచేయొచ్చు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదన్నది చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తోంది. ఆ గడియారం తరుముతుంటేనే దొంగ ఎక్స్‌పీరియెన్స్ పెట్టే కన్సల్టెన్సీలు దేవుళ్లలా కనిపిస్తాయి. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? క్లాసుల్లేకుండా వీసా నిలబెడుతుందని చేరినవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. తీరా చూస్తే దాన్ని నడిపింది అమెరికా అధికారులే, పట్టుకోవడానికి.

మరోవైపు, ఒకప్పుడు వీసా ఉంటేనే దొరికే పని కొంత రాయదుర్గం, గచ్చిబౌలి ఆఫీసుల్లోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. రెండేళ్లు అలాంటిచోట చేసి వెళ్తే రెజ్యూమెకి బలం, అప్పూ కొంత తగ్గుతుంది. నన్నడిగితే ఎమ్మెస్‌కి అదే సరైన టైమ్.

కన్సల్టెన్సీకి వెళ్లేముందు ఒక పని చేయండి. మీరనుకుంటున్న యూనివర్సిటీలో గతేడాది పాసైన సీనియర్‌ని పట్టుకోండి. ఉద్యోగం వచ్చినవాళ్లని కాదు, ఇంకా వెతుకుతున్నవాళ్లని. ‘అన్నా, ఓపీటీలో ఎన్నో రోజు?’ అని అడగండి.