వీసా అక్కర్లేదు కానీ... కాగితాలు కావాలి!

"మారిషసా? మనవాళ్లకు వీసా అక్కర్లేదుగా! టికెట్లు కొనుక్కుని విమానం ఎక్కేయడమే!"

ఈ మాట మాకు కనీసం పదిమంది చెప్పారు. టికెట్లు తీసిన ఏజెంటు కూడా అదే అన్నాడు. మేమూ నమ్మేశాం. తీరా దుబాయ్ విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ దగ్గర మా అత్తయ్యగారి పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని ఆ అమ్మాయి "ఈవిడ తిరుగు టికెట్ ఏదీ?" అని అడిగేసరికి మా గుండెల్లో రాయి పడింది.

అసలు సంగతి ఏమిటంటే, మేం దుబాయ్‌లో ఉంటాం. మాకు రెసిడెన్స్ వీసాలున్నాయి. తాళ్లరేవు నుంచి వచ్చిన అత్తయ్యగారిది మాత్రం విజిట్ వీసా, అదీ ఒక్కసారి ప్రవేశానికే. అంటే ఆవిడ ఒకసారి దుబాయ్ దాటితే ఆ వీసా మీద మళ్లీ మాతో వెనక్కి రాలేరు. మారిషస్ నుంచి ముంబై మీదుగా ఇంటికి వెళ్లిపోవాలి. "ఆ టికెట్ అక్కడికెళ్లాక తీసుకుందాం లెండి, తొందరేముంది" అన్నాడు ఏజెంటు. ఏ దేశం వాళ్లైనా పర్యాటకుడిని మొట్టమొదట అడిగేది "ఎప్పుడు వెళ్తావు?" అనే. ఆ సంగతి మాకు తట్టలేదు.

కౌంటర్ మూయడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ట్రాలీ పక్కన నిలబడి ఫోన్‌లోనే ముంబై టికెట్ కొన్నాం. మామూలు రోజుల్లో అయ్యే ధరకు దాదాపు రెట్టింపు అయింది. అత్తయ్యగారు మాత్రం "నా మూలాన మీకెందుకమ్మా ఇంత ఖర్చు, నేను ఉండిపోతాలే" అని కుర్చీలో కూలబడిపోయారు. ఆవిడ కోసమే కదండీ ఈ ప్రయాణం పెట్టుకున్నది!

అసలెందుకు వెళ్లాం?

తాళ్లరేవు పక్కనే కోరంగి. ఇవాళ మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నారు కానీ ఒకప్పుడది పెద్ద ఓడరేవు. 1839 తుపానులో దెబ్బతింది. ఆ రేవు నుంచి చెరకు తోటల్లో కూలి పనికి మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ "కోరంగీలు" అనే పేరే స్థిరపడిపోయింది. అత్తయ్యగారి తాతమ్మ చెప్పేదట, వాళ్ల తాతగారి తమ్ముడు అప్పన్న ఒక రోజు ఓడ ఎక్కాడని, మళ్లీ కబురు లేదని. "ఆ ఊరి గాలి ఒక్కసారి పీల్చి వస్తే చాలమ్మా" అనేవారు అత్తయ్యగారు. దుబాయ్ నుంచి ఆరున్నర గంటలే కదా అని పిల్లల వేసవి సెలవుల్లో బయల్దేరాం.

ఇవీ అడిగేవి

మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే, మేం డబ్బు పోసి నేర్చుకున్నది మీకు ఉచితంగా చెబుతున్నాం.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పర్యటనకు వెళ్తే ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. దిగగానే ముద్ర వేస్తారు, రుసుం లేదు. ఎన్నాళ్లు ఉండనిస్తారన్నది ఆ ముద్రలో రాస్తారు. అది అక్కడే నిలబడి చదువుకోండి. పర్యాటకులుగా ఒక క్యాలెండర్ సంవత్సరంలో మొత్తం 180 రోజులు మించి ఉండకూడదు. ఆ ముద్ర మీద ఉద్యోగం చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా. ఇంకొన్నాళ్లు ఉండాలనుకుంటే గడువు తీరకముందే పోర్ట్ లూయిస్‌లోని పాస్‌పోర్టు, ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో అడగాలి.

పాస్‌పోర్టు గడువు మీ తిరుగు ప్రయాణం దాటి ఉండాలి. ఆరు నెలలుంటే ఎయిర్‌లైన్ వాళ్లతో పేచీ ఉండదు. తిరుగు టికెట్ లేదా మరో దేశానికి వెళ్లే టికెట్ తప్పనిసరి. హోటల్‌లో దిగితే బుకింగ్ కాగితం చాలు. స్నేహితుల ఇంట్లో దిగితే మాత్రం వాళ్లు పిలుస్తున్నట్టు ఉత్తరం, వాళ్ల గుర్తింపు కార్డు నకలు, ఇంటి చిరునామా రుజువు దగ్గర పెట్టుకోండి. ఖర్చులకు డబ్బుందని చూపించాలి. మనిషికి రోజుకు 100 డాలర్ల లెక్క అని చెప్పుకుంటారు. బ్యాంకు స్టేట్‌మెంటు, కార్డు ఉంటే సరిపోతుంది. మమ్మల్ని అడగలేదు, మా వెనకాల కుర్రాణ్ణి అడిగారు!

బయల్దేరే ముందే "ఆల్ ఇన్ వన్" అనే ట్రావెల్ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ప్రతి మనిషికీ కావాలి, పసిపిల్లలకైనా సరే. ఇది ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గ్రహించండి. పర్యాటకుల వసతి గృహాల్లో దిగేవారి నుంచి 2025 అక్టోబర్ 1 నుంచి రాత్రికి 3 యూరోల చొప్పున రుసుం తీసుకుంటున్నారు. హోటల్ లెక్కలో అది కూడా కలుపుకోండి.

నైరోబీ, అడిస్ అబాబా లాంటి చోట్ల నుంచి వచ్చేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కార్డు మర్చిపోవద్దు. మలేరియా ఉన్న దేశాల నుంచి వచ్చినవాళ్ల మీద అక్కడి ఆరోగ్య శాఖ కన్నేసి ఉంచుతుంది. రక్త పరీక్షకు అడిగితే కంగారు పడకండి.

సంచీలో ఏముంది?

పెద్దవాళ్ల మందుల విషయంలో జాగ్రత్త. నొప్పులకు వాడే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందులు, నిద్రమాత్రల వంటివి అక్కడ చాలా కట్టుదిట్టం. డాక్టరు చీటీ ఉండాలి, కొన్నిటికి ముందస్తు అనుమతి కూడా కావాలి. ఈ-సిగరెట్లు అసలే కుదరవు. పండ్లు, ఆకులు, విత్తనాలు, మొక్కలు అనుమతి లేకుండా తేకూడదు.

ఇక్కడా మాకో పాఠం అయింది. కస్టమ్స్ దగ్గర అత్తయ్యగారి సంచీలోంచి కట్టలుగా కరివేపాకు, గోంగూర బయటపడ్డాయి! మాకే తెలియదు. మేం దిగబోయే ఇంటివాళ్ల కోసం తెచ్చారట. అధికారి మర్యాదగానే పక్కన పెట్టించాడు. "మన ఊరి ఆకు కూడా రాకూడదేంటమ్మా ఇక్కడికి" అని ఆవిడ నొచ్చుకున్నారు.

పదహారు మెట్లు

పోర్ట్ లూయిస్ రేవులో ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నుంచి దాదాపు ఐదు లక్షల మంది భారతీయ కూలీలు ఆ దేశానికి వచ్చారు. ఓడ దిగి పదహారు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లేవారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. 1867 చట్టం వచ్చాక ఒప్పందం ముగిసినవాళ్లు సైతం ఫోటో ఉన్న పాస్ జేబులో పెట్టుకుని తిరగాల్సిందే. అది లేకుండా దొరికితే దేశదిమ్మరి అని పట్టుకుపోయేవారు. కౌంటర్ దగ్గర నలభై నిమిషాలకే మా ప్రాణం పోయింది, వాళ్లకు జీవితమంతా అదే తంతు!

ఆ పాత రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఓడ అన్నీ రాసి ఉంటాయి. అయితే వెతకడానికి వలస నంబరో, ఓడ పేరో, కనీసం ఏడాదో కావాలి. మా దగ్గరున్నది "అప్పన్న, కోరంగి" అన్న రెండు మాటలే. ఆ పేరు ఒక్కడికే ఉండదు కదండీ! సింహాద్రి అప్పన్నను కొలిచే ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. దొరకలేదు.

మేం దిగిన ఇంట్లో పెద్దాయన మారిషస్ తెలుగువారే. ఐదు తరాల కింద వచ్చిన కుటుంబం. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు, రామభజనం, అమ్మోరు పండుగ ఇప్పటికీ చేస్తారు. ఆయనకు తెలుగు అంతంత మాత్రం, మా అత్తయ్యగారికి క్రియోల్ రాదు. అయినా ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు ఆయన ఆవిడ చేతిలో పెరటి కరివేపాకు రెమ్మ పెట్టారు. అది అక్కడే వంటలో వేసుకు తిన్నాం, మళ్లీ సంచీలోకి ఎక్కనివ్వలేదు లెండి!

అత్తయ్యగారు ముంబై మీదుగా క్షేమంగా ఇల్లు చేరారు. చేరగానే ఫోన్ చేసి, "మా పెద్దన్నయ్యకు తొంభై దాటాయి, అప్పన్న వాళ్ల నాన్న పేరు ఆయనకు గుర్తుందేమో అడుగుతాను" అన్నారు.

మీరూ వెళ్లేట్టయితే టికెట్, ఫారం, హోటల్ కాగితం సరే. మీ ఇంట్లోంచి ఎవరైనా ఓడ ఎక్కారన్న మాట ఉంటే, ముసలివాళ్లను కూర్చోబెట్టి పేరు, తండ్రి పేరు, ఊరు, ఏడాది ఇప్పుడే రాసుకోండి. ఆ కాగితం ఏ కౌంటర్ దగ్గరా కొనుక్కోలేం.