చెత్తగుట్టను కరిగించే ఖర్చు ఎవరిది?

పట్టణం పారబోసిన చెత్తను పట్టణమే ఎత్తుకోవాలి కదా, కేంద్రమూ రాష్ట్రమూ డబ్బు ఎందుకివ్వాలి? నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా డంపింగ్ యార్డు మాట వస్తే ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది. అడగాల్సిందే.

ఎందుకివ్వాలి?

ఫ్యాక్టరీ వదిలిన విషానికి యజమాని దొరుకుతాడు. ఏళ్ల తరబడి పెరిగిన చెత్తగుట్టకు దొరకడు. పారేసినవాళ్లలో కొందరు ఊరు విడిచారు, కొందరు కాలం చేశారు. ఇంటిపన్ను, నల్లా బిల్లు పెంచి ఆ భారమంతా ఇప్పుడున్నవాళ్ల మీద వేయడం న్యాయం కాదు.

ఇంకో కారణం నేల కింద ఉంది. మనది రాతి నేల. వాన పడితే గుట్ట అడుగు నుంచి కారే నల్లటి రసం మట్టి పొర దాటి గ్రానైట్ పగుళ్లలోకి దిగుతుంది. మన బోర్లకు నీళ్లొచ్చేదీ ఆ పగుళ్లలోంచే. మున్సిపాలిటీ పొలిమేర దగ్గర అది ఆగదు. చెత్త పోసేది పట్నం, చెడేది పక్క ఊరి బోరు. ఆ ఊరివాళ్లకు మున్సిపాలిటీలో ఓటు కూడా ఉండదు. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్ రాళ్లలోంచి వచ్చింది. ఈ రసం మాత్రం మనం పోసిందే.

ఎంతిస్తారు?

2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ అర్బన్ 2.0లో పాత చెత్తకు టన్నుకు రూ.550 చొప్పున లెక్కగట్టారు. లక్షలోపు జనాభా ఉన్న ఊళ్లకు అందులో సగం, లక్ష నుంచి పది లక్షల దాకా ఉన్నవాటికి మూడో వంతు కేంద్రం ఇస్తుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ ఈ రెండో వరుసలోవే. గుట్ట లక్ష టన్నులుందనుకుందాం. ఖర్చు రూ.5.5 కోట్లు, కేంద్రం వాటా సుమారు రూ.1.83 కోట్లు. మిగిలింది రాష్ట్రం, మున్సిపాలిటీ చూసుకోవాలి.

చేయకపోయినా ఖర్చు తప్పదు. చెత్త, మురుగునీటి నిర్వహణలో లోపాలకు 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ తెలంగాణపై రూ.3,800 కోట్లకు పైగా పరిహారం విధించింది. ఆ సొమ్మును ప్రత్యేక ఖాతాలో పెట్టి ఇదే పనికి వాడమంది.

గుట్ట ఎలా కరుగుతుంది?

ముందు గుట్టను కొలుస్తారు. తర్వాత జేసీబీలతో తవ్వి, పొడవాటి కట్టల్లా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, కొన్నాళ్లపాటు తిరగేస్తారు. తేమ తగ్గి, వాసన పోయి, చెత్త పొడిబారుతుంది. అప్పుడు ట్రామెల్‌లో, అంటే తిరిగే పెద్ద ఇనుప జల్లెడలో పోస్తారు. కన్నాల్లోంచి మట్టిలాంటి పొడి రాలుతుంది. ప్లాస్టిక్ కవర్లు, గుడ్డపేలికలు చివర బయటపడతాయి. రాళ్లు, ఇటుక ముక్కలు వేరవుతాయి. కాలే సరుకును మూటగట్టి సిమెంటు బట్టీలకు బొగ్గుతో పాటు మండించడానికి పంపవచ్చు. పాత నల్గొండ జిల్లాలో హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు ఆ ఫ్యాక్టరీలకు కొదవ లేదు. పొడిలో సీసం వంటి లోహాలు ఉండొచ్చు. అందుకే పరీక్ష చేయకుండా దాన్ని తిండిపంటల చేలలో వేయకూడదు. గుంతలు పూడ్చడానికి వాడుకోవచ్చు.

పైన మట్టి కప్పేస్తే పోదా?

హైదరాబాద్ జవహర్‌నగర్‌లో గుట్టను అలాగే కప్పారు. చిక్కేమిటంటే, మూసిన చెత్త లోపల కుళ్లుతూనే ఉంటుంది, గ్యాస్ పుడుతుంది, నేల కుంగుతుంది. అందుకే 2016 ఘన వ్యర్థాల నిబంధనలు మూసేసిన ల్యాండ్‌ఫిల్‌ను 15 ఏళ్లు గమనించాలన్నాయి. పరీక్షలన్నీ సరిపోతేనే అక్కడ నివాసాల మాట. తవ్వి తీస్తే స్థలం త్వరగా చేతికొస్తుంది. అయినా అడుగు మట్టిని, చుట్టుపక్కల బోరునీళ్లను పరీక్షించాకే అక్కడ పార్కు పెట్టాలా, షెడ్డు వేయాలా అన్నది తేల్చాలి.

రసాయనాలతో చెడిన నేల సంగతి?

దానికి దారి వేరు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిబంధనలు తెచ్చింది. చెడగొట్టినవాడే బాగుచేయించాలి, వాడు దొరక్కపోయినా, కట్టలేకపోయినా ప్రభుత్వాలు భరిస్తాయి. అమెరికా 1980లోనే సూపర్‌ఫండ్ చట్టంతో ఇలాంటి ఏర్పాటు చేసుకుంది. మున్సిపల్ చెత్తగుట్టలు మాత్రం మన కొత్త నిబంధనల పరిధిలోకి రావు.

డబ్బు వృథా కాకుండా ఎలా?

టన్నుల లెక్కన బిల్లులు కట్టే పనిలో కొలతే కీలకం. ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత మిగిలింది, తీసిన సరుకు ఎక్కడికి పోయింది? ఈ మూడూ వార్డు సభ్యుడిని అడగవచ్చు. నాలుగోది అందరికన్నా మనల్ని మనం అడగాల్సింది: ఈ రోజు ఇంటి చెత్త ఎక్కడికి పోతోంది? అప్పటి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట 2000ల తొలినాళ్లలోనే ఇంటింటా చెత్త సేకరించి, వానపాముల ఎరువు చేసి దేశమంతటా పేరు తెచ్చుకుంది. తడి, పొడి కలిపి పోస్తూనే ఉంటే ఓ పక్క గుట్ట తవ్వుతుంటారు, మరో పక్క లారీలు కొత్త గుట్ట పోస్తుంటాయి. అప్పుడు టన్నుకు రూ.550 చొప్పున మళ్లీ మళ్లీ కట్టాల్సిందే, ఏ ఖజానా నుంచి ఇచ్చినా.