సిట్‌కామ్ అను మాట

న్యాల్‌కల్ కన్నడ సీమ సరిహద్దున నున్నది. తెలుగు, కన్నడము, ఉర్దూ అచ్చట కలిసి వినబడును. ఆ బజారులో ఒక చాయ్ దుకాణము నూహింపుడు. దుకాణదారు గ్లాసులో చాయ్ పోయుచున్నాడు. తెలుగువాడు “చాలు” అనెను. ఉర్దూ మాట్లాడు దుకాణదారు “చాలూ” అని వినెను. చాలూ అనగా ఆగక సాగునది. గ్లాసు పొంగి పొరలినది. చుట్టునున్నవారు నవ్విరి. ఇద్దరిలో ఎవ్వరును వెకిలివారు కారు, నవ్వించినది సన్నివేశము.

టెలివిజనులో సిట్‌కామ్ అనబడు ప్రక్రియకు ప్రాణమిదియే. ‘సిచ్యుయేషన్’, ‘కామెడీ’ అను రెండు ఆంగ్ల పదముల మొదళ్లను అతికింపగా ఈ మాట యేర్పడినది. 1960ల నాటికి అమెరికాలో ఇది వాడుకలో నున్నది. అవే పాత్రలు, అదే చోటు. వారము వారము ఒక క్రొత్త చిక్కు. ఇదియే దీని లక్షణము.

మాటకంటె ప్రక్రియ పాతది. అది పుట్టినది రేడియోలో. 1926లో చికాగో నుండి ప్రసారమైన ‘సామ్ ఎన్ హెన్రీ’ని పలువురు దీనికి ఆద్యముగా చెప్పుదురు. అందు ఇద్దరు తెల్లజాతి నటులు నల్లజాతివారి పలుకును అనుకరించి నవ్వించిరి. ఆ మచ్చ తొలినాడే పడినది. టెలివిజనులో 1946లో బి.బి.సి. వారి ‘పిన్‌రైట్స్ ప్రోగ్రెస్’, 1951లో అమెరికాలో ‘ఐ లవ్ లూసీ’ వెలువడినవి.

తెలుగున ప్రసిద్ధమైనది గుణ్ణం గంగరాజుగారు రూపొందించిన ‘అమృతం’. అది జెమినీ టెలివిజనులో 2001 నుండి 2007 వరకు నడచినది. ఇద్దరు మిత్రులు, వారి హోటలు, ఇంటి యజమాని అప్పాజీ. కథలన్నియు వీరి చుట్టునే. అమృతము వేషమును శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వేర్వేరు కాలములలో ధరించిరి. నటులు మారినను నవ్వు నిలిచినది. ఏలయన అది సన్నివేశమున నున్నది.

కనుక దీనిని ‘హాస్య ధారావాహిక’ అనుట చాలదు. ‘సన్నివేశ హాస్యము’ అనుట యుక్తము. ఇది కేవలము మాటల పట్టింపు కాదు. తెలంగాణ పలుకుబడిని చిరకాలము మన చలనచిత్రములు ప్రతినాయకులకును, హాస్యగాండ్రకును కట్టబెట్టినవి. ఇంటి భాషయే పరిహాసమైనచో బిడ్డలు నలుగురిలో నోరు విప్ప వెనుకాడుదురు. ఇకమీద ఒక హాస్యమును చూచునపుడు, పాత్రల యాసను మార్చినను నవ్వు మిగులునా యని పరీక్షింపుడు. మిగిలినచో అది సన్నివేశ హాస్యము. మిగులనిచో మనము నవ్వినది ఒక మనుష్యుని పలుకును చూచియే.