బండికి రెండు బ్యాటరీలు ఎందుకు?

మారేడుమిల్లి అడవి మీకు తెలుసా? గోదావరి మన్యంలో ఉంది. అక్కడికి దగ్గరలో గుడిసె అనే కొండ ఉంది. కొండ మీద అంతా పచ్చని గడ్డి. సూర్యోదయం చూడటానికి పట్నం నుంచి జనం వస్తారు. దారి అంతా రాళ్లు, గోతులు. మామూలు కార్లు ఎక్కలేవు. జీపులే ఎక్కాలి.

అటువైపు ఒక ఊళ్లో మహిళా సంఘం వాళ్లు ఒక పాత డీజిల్ జీపు కొన్నారు. చుట్టాల అబ్బాయి నడుపుతాడు. పట్నం వాళ్లను తిప్పుతారు. రాత్రికి ఊరి పక్కన గుడారాలు వేసి బస ఇస్తారు. వండి పెడతారు. కోడిమాంసం, పాలు చెడిపోకుండా జీపులో ఒక చిన్న ఫ్రిజ్ పెట్టారు. గుడారాలకు నాలుగు లైట్లు కట్టారు. వచ్చినవాళ్ల సెల్‌ఫోన్లు కూడా జీపు నుంచే చార్జింగ్ పెడతారు.

ఒక రాత్రి మూడు గంటలకు ఊళ్లో ఒక అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. రంపచోడవరం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జీపు ఎక్కించారు. డ్రైవరు తాళం తిప్పాడు. టిక్, టిక్ అంది. అంతే. ఇంజను తిరగలేదు. ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు.

పదిమంది కలిసి జీపును పల్లం దాకా తోశారు. పల్లంలో అది అందుకుంది. కానీ గంట ఆలస్యమైంది. అదృష్టం బాగుండి తల్లీ బిడ్డా బతికారు.

బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు. మరి ఎందుకిలా జరిగింది?

మేస్త్రీ చెప్పిన మాట

సంఘం నాయకురాలు రాజమండ్రి వెళ్లింది. బ్యాటరీలు బాగుచేసే మేస్త్రీని అడిగింది.

"మేస్త్రీ గారూ, కొత్త బ్యాటరీయేనండీ. ఎందుకు మోసం చేసింది?"

"బ్యాటరీ మోసం చెయ్యలేదమ్మా. మీరే దానిచేత రెండు పనులు చేయించారు. పరుగు పందెం గుర్రాన్ని రాత్రంతా గానుగకు కడితే పొద్దున్నే పరిగెడుతుందా?"

ఆయన మాటకు అర్థం ఏమిటో చూద్దాం.

బ్యాటరీలు రెండు రకాల పనులు చేస్తాయి. మొదటిది, ఇంజనును తిప్పి లేపడం. దీనికి ఒక్కసారిగా చాలా కరెంటు కావాలి. కానీ నాలుగైదు సెకన్లే కావాలి. ఇందుకు చేసిన బ్యాటరీలో సీసపు పలకలు పలచగా, ఎక్కువగా ఉంటాయి. బండితో వచ్చే బ్యాటరీ ఇదే. దీన్ని మాటిమాటికీ అడుగంటా వాడితే తొందరగా పాడవుతుంది.

రెండో పని, లైట్లకు, ఫ్రిజ్‌కు కరెంటు ఇవ్వడం. కొంచెం కొంచెంగా, గంటల తరబడి ఇవ్వాలి. దీనికి పలకలు మందంగా ఉండాలి. ఇలాంటి దాన్ని డీప్ సైకిల్ బ్యాటరీ అంటారు.

అందుకే దూరం తిరిగే బండికి, రాత్రి బస చేసే బండికి రెండు బ్యాటరీలు ఉండాలి. ఒకటి ఇంజనుకు. ఒకటి ఇంటి వాడకానికి. రెండోది పూర్తిగా దిగిపోయినా మొదటిది బండిని లేపుతుంది.

ఎంత పెద్దది కొనాలి?

పెళ్లికి వంట చేసేముందు ఎంతమంది వస్తారో లెక్క వేస్తాం కదా. బ్యాటరీకి కూడా అంతే. ముందు లెక్క వెయ్యాలి. తరవాతే కొనాలి.

పారే కరెంటును ఆంపియర్లలో కొలుస్తారు. ఒక ఆంపియర్ చొప్పున ఒక గంట వాడితే ఒక ఆంపియర్ గంట. దీన్ని ఒక చెంబు నీళ్లు అనుకోండి. బ్యాటరీ మీద 80 ఏహెచ్, 100 ఏహెచ్ అని రాసి ఉంటుంది. అంటే ఆ కుండలో అన్ని చెంబుల నీళ్లు పడతాయని అర్థం.

ఈ జీపులో ఒక రాత్రి వాడకం ఇలా ఉంది:

ఫ్రిజ్ తిరిగేటప్పుడు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. అది ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. సగం సేపే తిరుగుతుంది. అంటే గంటకు 2. రాత్రి 12 గంటలకు 24.

లైట్లు నాలుగు. ఒక్కొక్కటి అర ఆంపియర్. నాలుగూ కలిపి గంటకు 2. రాత్రి 5 గంటలకు 10.

ఫోన్లు ఆరు. ఒక్కొక్కటి నిండటానికి ఒకటిన్నర. ఆరింటికీ 9.

మొత్తం 43 ఆంపియర్ గంటలు. కొంచెం ఎక్కువ వేసుకుని 45 అనుకుందాం.

జీపులో ఉన్నది 80 ఏహెచ్ బ్యాటరీ. అందులో సగానికి పైగా రాత్రే ఖర్చయిపోయింది. ఒకటి రెండు రాత్రులు తట్టుకుంది. తరవాత నీరసపడింది. ఇంజనును తిప్పే బలం మిగల్లేదు. రహస్యం ఇదే.

సీసమా? లిథియమా?

సంఘం వాళ్లు రెండో బ్యాటరీ కొందామనుకున్నారు. కొట్లో రెండు రకాలు చూపించారు.

మొదటి రకం సీసం బ్యాటరీ. ఇందులో సీసం, యాసిడ్ ఉంటాయి. 1859లో ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే అనే ఆయన దీన్ని తయారుచేశాడు. ఇప్పటికీ ఎక్కువ బండ్లలో ఇదే ఉంది. ధర తక్కువ. బరువు ఎక్కువ. 100 ఏహెచ్‌ది ముప్పై కిలోల దాకా ఉంటుంది. దీన్ని సగం కన్నా కిందికి దించకూడదు. అంటే 45 కావాలంటే 90 ఉండాలి. 100 ఏహెచ్ కొనాలి.

రెండో రకం లిథియం బ్యాటరీ. బండ్లలో ఇంటి వాడకానికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం పెడతారు. ఇది తేలిక. ఇందులో నూటికి 80 వంతులు వాడుకోవచ్చు. కాబట్టి 60 ఏహెచ్ చాలు. సీసం బ్యాటరీని కొన్ని వందల సార్లు నింపి వాడుకోవచ్చు. దీన్ని రెండు వేల సార్లకు పైగా వాడుకోవచ్చు. కానీ కొనేటప్పుడు డబ్బు ఎక్కువ పెట్టాలి. దీనికి తగిన చార్జరు కూడా వేరే కొనాలి. లోపల కాపలా కాసే సర్క్యూట్ తప్పకుండా ఉండాలి. దాన్ని బీఎంఎస్ అంటారు.

మరి ఏది మంచిది? ఏడాది పొడుగునా రోజూ వాడేవాళ్లకు లిథియం గిట్టుబాటు అవుతుంది. ఈ సంఘానికి జనం ఎక్కువగా వచ్చేది చలికాలంలోనే. చేతిలో డబ్బు తక్కువ. అందుకని వాళ్లు సీసం రకమే తీసుకున్నారు.

"ఇంట్లో ఇన్వర్టర్‌కు పెట్టే పొడుగు బ్యాటరీ పెట్టుకోవచ్చా అండీ?" అని అడిగింది నాయకురాలు.

"వద్దమ్మా. అది ఒక చోట కదలకుండా ఉండేది. గోతుల్లో ఊగితే యాసిడ్ చిందుతుంది. మీ దారికి సీల్డ్ బ్యాటరీ కావాలి. దాని మీద డీప్ సైకిల్ అని ఉందో లేదో చదివి మరీ తీసుకోండి" అన్నాడు మేస్త్రీ.

ఆమె చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తయారైన తేదీ కూడా చూసింది. కొట్లో నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీ దానంతట అదే దిగిపోతుంది. వారంటీ కార్డు మీద తేదీ, బ్యాటరీ నంబరు రాయించింది. కొట్టు ముద్ర వేయించింది. తరవాతే డబ్బు ఇచ్చింది.

ఎలా నింపాలి?

కుండ పెద్దదైతే చాలదు. రోజూ నింపాలి. సీసం బ్యాటరీని సగం ఆకలితో వదిలేస్తే పలకల మీద గట్టి పొర కడుతుంది. తరవాత ఎంత చార్జి చేసినా పూర్తిగా ఎక్కదు. చాలా బ్యాటరీలు ఇలాగే చస్తాయి.

నింపటానికి మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, బండి ఇంజను. ఇంజను తిరిగేటప్పుడు డైనమో కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు రెండు బ్యాటరీలకూ వెళ్లాలి. ఇంజను ఆగగానే రెండూ విడిపోవాలి. లేకపోతే ఫ్రిజ్ రెండింటినీ తాగేస్తుంది. అందుకని మధ్యలో ఐసొలేటర్ అనే పరికరం పెడతారు. అంతకన్నా మంచిది డీసీ టు డీసీ చార్జర్. అది రెండో బ్యాటరీకి కావలసిన లెక్కలో కరెంటు ఇస్తుంది. లిథియం బ్యాటరీకి ఇదే పెట్టాలి. లిథియం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి డైనమోను వేడెక్కిస్తుంది. కొన్ని కొత్త బండ్లలో డైనమో మధ్య మధ్య చార్జింగ్ తగ్గించేస్తుంది. వాటికి కూడా ఇదే కావాలి.

రెండు, ఎండ. 100 వాట్ల సోలార్ పలక మంచి ఎండ ఉన్న రోజున సుమారు 25 ఆంపియర్ గంటలు ఇస్తుంది. మబ్బు ఉంటే తగ్గుతుంది. చెట్టు నీడ పడినా తగ్గుతుంది. పలకకూ బ్యాటరీకీ మధ్య కంట్రోలర్ ఉండాలి.

మూడు, ఇంటి కరెంటు. సీసం బ్యాటరీ చివరి భాగం నిండటానికి చాలా గంటలు పడుతుంది. కాసేపు జీపు తిప్పితే నిండదు. కాబట్టి ఊళ్లో ఉన్నప్పుడు రాత్రంతా చార్జరు పెట్టాలి. జనం రాని నెలల్లో కూడా నెలకోసారి నింపాలి.

అంకె చూస్తే నిజం తెలుస్తుంది

బ్యాటరీ బలాన్ని వోల్టుల్లో చూస్తారు. దీనికి చిన్న మీటరు దొరుకుతుంది. బండి ఆపి, వాడకం ఆపి, కొన్ని గంటల తరవాత చూడాలి. సీసం బ్యాటరీకి లెక్క ఇది:

12.6 ఉంటే నిండుగా ఉంది.
12.2 ఉంటే సగం ఉంది. వాడకం ఆపాలి.
12 కన్నా తగ్గితే దాదాపు దిగిపోయింది. వెంటనే నింపాలి.

ఇంజను తిరిగేటప్పుడు చూస్తే 14 దగ్గర ఉండాలి. 13 కూడా లేకపోతే డైనమోలో గాని, వైర్లలో గాని తేడా ఉన్నట్టు. లిథియంకు ఈ అంకెలు పనికిరావు. దాని లెక్క వేరు.

జాగ్రత్త!

బ్యాటరీ ముట్టుకునే ముందు లోహపు గాజులు, ఉంగరం తీసెయ్యండి. గాజు రెండు కొనలకూ తగిలితే ఎర్రగా కాలుతుంది. చెయ్యి కాలిపోతుంది.

బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించనివ్వకండి. చార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వస్తుంది.

విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు విప్పాలి. బిగించేటప్పుడు మైనస్ వైరు చివరికి బిగించాలి.

ప్లస్ వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి. బ్యాటరీని కదలకుండా గట్టిగా బిగించండి. గోతుల్లో ఊగితే వైరు ఒరుసుకుని నిప్పు పుడుతుంది.

మూత తీసే బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. బోరు నీళ్లు పొయ్యకూడదు. యాసిడ్ పొయ్యకూడదు.

యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. ఆ వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పాత బ్యాటరీని ఇంట్లో పగలగొట్టకండి. సీసం పిల్లలకు విషం. వాళ్ల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత సీసం వరకు పిల్లలకు ఫరవాలేదు అనే లెక్క ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పాత బ్యాటరీని కొట్టుకే తిరిగి ఇవ్వండి. కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. పాత బ్యాటరీలను సేకరించి శుద్ధిచేసే బాధ్యత తయారుచేసిన కంపెనీలదే అని 2022 నాటి నియమాలు చెబుతున్నాయి.

తరవాత ఏమైంది?

ఇప్పుడు ఆ జీపులో రెండు బ్యాటరీలు ఉన్నాయి. ఫ్రిజ్, లైట్లు, ఫోన్లు అన్నీ రెండో దాని మీదే. మొదటిదాన్ని బండి పనికి తప్ప ఎవరూ వాడరు. నాయకురాలి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. రోజూ పొద్దున్నే మీటరు చూసి అంకె రాస్తుంది. 12.5, 12.4, 12.6.

"వదినా, ఎందుకే ఈ రాతలన్నీ?" అని పక్కింటి ఆమె నవ్వింది.

"ఆ రోజు రాత్రి నువ్వూ తోశావు కదే జీపుని! మళ్లీ తోస్తావా?" అంది ఆమె.

పక్కింటి ఆమె మళ్లీ నవ్వలేదు. మీటరు ఎలా చూడాలో చూపించమంది.

చర్చించండి

మీ ఊళ్లో రాత్రివేళ ఆసుపత్రికి వెళ్లాలంటే ఏ బండి ఉంది? దాని బ్యాటరీని ఎవరు చూస్తున్నారు?

మీ ఇంట్లో ఒక రాత్రి లైట్లకు, ఫోన్లకు ఎన్ని ఆంపియర్ గంటలు కావాలి? పైన చూపిన విధంగా లెక్క వెయ్యండి.